రణమున ఓడని రాజు: శ్రీకృష్ణదేవరాయలు

మన తుమ్మలపల్లెనుండి ఉత్తరముగా పోయి జమ్మలమడుగు చేరి, అచట పడమరకు తిరిగినచో గండికోట కానవచ్చును. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పాఱు లోతైన గండి యంచున ఆ దుర్గము నిలిచియున్నది. అచటి కోటగోడలను, ధాన్యపు కొట్టును, గుళ్లను, మసీదును చూచివచ్చిన బాలబాలికలకు రెండు ప్రశ్నలు తోచుట సహజము. ఈ కోటవారు ఎవరి పక్షమున పోరాడిరి? ఆ పోరాటములవలన తుదకు ఏమి మిగిలెను? మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. గండికోటను ఏలిన పెమ్మసాని వంశమువారు విజయనగర రాజులకు సామంతులు. వారిలో మిక్కిలి పేరొందిన రామలింగనాయుడు శ్రీకృష్ణదేవరాయల కాలమువాడు. రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఆ రాయల జీవితమును మొదటినుండి చెప్పవలసియున్నది. ఆ పనికే మేము ఈ వ్యాసమున పూనుకొంటిమి.

దండయాత్రలనగానే మన విద్యార్థులకు ముందుగా జ్ఞాపకము వచ్చువాడు అష్షూరు రాజైన సన్హెరీబు. క్రీ. పూ. 701లో ఆతడు యూదాదేశముపై దండెత్తి లాకీషు పట్టణమును ముట్టడించెను. ఆ ముట్టడిని నీనెవెలోని తన నగరు గోడలకు రాతిపలకలపై చెక్కించి పెట్టించెను. ఆ పలకలు నేడు లండను నగరములోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నవి. కోటపైకి ఎక్కుచున్న సైనికులు, మూటలు మోసికొని చెఱకు పోవుచున్న స్త్రీలు, బిడ్డలు వానిలో స్పష్టముగా కానవత్తురు. అంతటి విజేత క్రీ. పూ. 681లో తన కన్నకుమారుల చేతనే హతుడయ్యెను. జయించుట యొకటి, జయమును మోయుట వేఱొకటి యని ఆ కథ నేర్పుచున్నది. మన రాయల చరిత్రనుగూడ మేము ఈ కొలతతోనే చూడదలచితిమి.

కృష్ణదేవరాయలు తుళువ వంశమువాడు. తండ్రి నరసనాయకుడు, తల్లి నాగలాంబ. అన్నయగు వీరనరసింహరాయలు రాజ్యము చేయుచుండగా ఈతడు యువకుడు. అన్నగారి అవసానకాలమునుగూర్చి నూనిజ్ అను బుడతకీచు గుఱ్ఱపు వర్తకుడు, 1535 ప్రాంతమున తాను వ్రాసిన విజయనగర వృత్తాంతములో, ఒక కథ చెప్పియున్నాడు. వీరనరసింహరాయలు ఎనిమిదేండ్ల తన కుమారునికే రాజ్యము దక్కవలెనని కోరి, తమ్ముని కన్నులు పెఱికించి తెచ్చి చూపుమని మంత్రియగు సాళువ తిమ్మరుసును ఆజ్ఞాపించెనట. తిమ్మరుసు కృష్ణరాయలను రహస్యముగా దాచి, ఒక మేకకన్నులు తెచ్చి ప్రభువునకు చూపెనట. ఆ రాజు మరణించిన వెంటనే తిమ్మరుసు కృష్ణరాయలనే సింహాసనముపై కూర్చుండబెట్టెను. రాయలు ఆ మంత్రిని అప్పాజీ యని పిలుచుచు తండ్రివలె గౌరవించెను. పాఠకులు ఈ కన్నుల కథను మనసున ఉంచుకొందురుగాక. దీనితో మఱల మనకు పని యున్నది.

రాయలకు పట్టాభిషేకము జరిగినది 1509లో. ఆనాడు రాజ్యము నలుదిక్కుల ఆపదలో నుండెను. తూర్పున ఉదయగిరి, కొండవీడు మొదలగు దుర్గములు ఓఢ్రదేశపు గజపతుల చేతిలో ఉండెను. ఉత్తరమున కృష్ణా తుంగభద్రల నడిమి రాయచూరు సీమకై బిజాపురపు ఆదిల్‌షాహీలతో ఎడతెగని వైరము. దక్షిణమున ఉమ్మత్తూరు పాలకుడు గంగరాజు తిరుగబడియుండెను. రాయలు గద్దెయెక్కిన కొలది మాసములకే బహమనీ సుల్తాను మహమూద్‌షా పేర సైన్యములు దండెత్తి వచ్చి, ఓడి మరలిపోయినవి. పిమ్మట రాయలు దక్షిణమునకు తిరిగి, 1510 మొదలు 1512 వఱకు పోరాడి, కావేరి నడుమనున్న శివనసముద్ర దుర్గమును పట్టి గంగరాజును రూపుమాపెను.

ఆనాటి యుద్ధములకు ప్రాణము గుఱ్ఱము. మన దేశపు గుఱ్ఱములు రణమునకు చాలవు. అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలలో వచ్చు గుఱ్ఱములే మేలైనవి. 1510లో బుడతకీచులు గోవాను పట్టుకొనిన తరువాత ఆ వర్తకము వారి చేతిలో పడెను. ఇది గ్రహించి రాయలు వారితో స్నేహము పాటించెను. మతము వేఱైనను, భాష వేఱైనను, ప్రయోజనము గల స్నేహమును త్రోసిపుచ్చని వివేకము ఆతనికి కలదు.

ఇక తూర్పు దండయాత్ర. 1513లో రాయలు నెల్లూరు మండలములోని ఉదయగిరిని ముట్టడించెను. నిట్రమైన కొండపై కట్టిన కోట అది. ఎక్కుటకు ఇఱుకు త్రోవ తప్ప వేఱు మార్గము లేదు. రాయలు రాతిబండలను పగులగొట్టించి క్రొత్త త్రోవలు తీయించి, ఏడాదికి పైగా ఓపికతో కోటను చుట్టియుండి, 1514లో దానిని పట్టెను. గజపతి బంధువగు తిరుమల రౌతురాయలు బందీ యయ్యెను. అచటి బాలకృష్ణ విగ్రహమును రాయలు విజయనగరమునకు తెచ్చి, దానికై గుడి కట్టించెను. ఆ గుడిని నేటికిని హంపీలో చూడవచ్చును.

మఱుసటి సంవత్సరము అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, కేతవరము ఒకదాని వెంట నొకటి వశమైనవి. 1515 జూనులో కొండవీడు పడెను. గజపతియగు ప్రతాపరుద్రుని కుమారుడు వీరభద్రుడు అచట పట్టుబడెను. పిదప రాయలు కృష్ణానది దాటి కొండపల్లిని సాధించి, కళింగములో ప్రవేశించి, 1516 మార్చిలో సింహాచలమున శాసనము వేయించెను. పొట్నూరున జయస్తంభము నాటించెను.

ఇచట మన కొలతను తీసి చూతము. శత్రురాజు కుమారుడు చేతికి చిక్కెను. శత్రుదేశము నడిబొడ్డున తన స్తంభము నిలిచెను. అష్షూరు రాజైనచో ఏమి చేసియుండునో మనము ఎఱుగుదుము. రాయలు వేఱుగా నడచెను. గజపతితో సంధి చేసికొని, ఆతని కుమార్తెను వివాహమాడి, కృష్ణకు ఉత్తరమున తాను గెలిచిన భూములను తిరిగి ఇచ్చివేసెను. కొండవీటి సీమను తిమ్మరుసునకు అప్పగింపగా, ఆతని మేనల్లుండ్రు నాదెండ్ల అప్ప, నాదెండ్ల గోప మంత్రులు అచట పాలన సాగించిరి. రాయలు జీవించియున్నంతకాలము గజపతులతో మఱల పెద్ద యుద్ధము రాలేదు. గెలిచిన దానిలో కొంత విడిచి పెట్టుటచే మిగిలినది నిలిచినది. మొదటి పరీక్షలో రాయలు కృతార్థుడయ్యె నని మేము చెప్పుదుము.

రాయచూరు యుద్ధము 1520 మే నెలలో జరిగెను. దానికి హేతువు గుఱ్ఱములే. గోవాలో గుఱ్ఱములు కొనుటకు రాయలు ధనమిచ్చి పంపిన యొక వర్తకుడు ఆ ధనముతో ఆదిల్‌షా రాజ్యమునకు పాఱిపోయెననియు, ఆతనిని అప్పగింపుమని రాయలు కోరగా ఆదిల్‌షా అంగీకరింప లేదనియు నూనిజ్ వ్రాసెను. రాయలు మహాసైన్యముతో పోయి రాయచూరును చుట్టుముట్టెను. నూనిజ్ లెక్క ప్రకారము ఏడు లక్షలకు పైగా కాల్బలము, 32,600 గుఱ్ఱములు, 551 ఏనుగులు కలవు. కాల్బలపు సంఖ్య హెచ్చించి చెప్పినదని చరిత్రకారుల యభిప్రాయము.

ఇస్మాయిల్ ఆదిల్‌షా కృష్ణ దాటి వచ్చి ఎదిరించెను. ఆతని ఫిరంగులన్నియు ఒక్కసారిగా మ్రోగగా రాయల ముందుదళము చెదరి వెనుకకు పాఱెను. పరాజయము తప్పదని తోచిన ఆ క్షణమున రాయలు తానే గుఱ్ఱమెక్కి, చావో రేవో తేల్చుకొనుటకు సిద్ధపడి, రెండవ దళమును ముందుకు నడపెను. శత్రువులు ఫిరంగులను మఱల నింపుకొనులోపలనే వారిపై పడెను. ఆదిల్‌షా సైన్యము నదివైపు పాఱెను. వేలకొలది జనులు కృష్ణలో మునిగిరి. ఆ సమయమున రాయలు తఱుముట ఆపింపజేసెను. తప్పు చేసినవాడు ఆదిల్‌షాయే గాని, ఈ నిరపరాధులు చావనేల యన్నది ఆతని తలంపు. తరువాత క్రిస్తోవావ్ ద ఫిగేరెదు అను బుడతకీచు నాయకుని తుపాకివాండ్రు కోటగోడలపై నిలిచిన వారిని గుఱి తప్పక కొట్టగా, రాయచూరు లొంగెను. రాయలు పురజనులకు అభయమిచ్చి, వారి యిండ్లు, ఆస్తులు వారికే యుండునట్లు చేసెను. రెండవ పరీక్షయు ఇంతవఱకు చక్కగానే నడచినది.

ఈ యుత్తర దండయాత్రల కాలమున మన గండికోట రామలింగనాయుడు చూపిన సాహసమును రాయవాచకము అను ప్రాచీన వచనగ్రంథము కొనియాడుచున్నది. శత్రువుల దండులో చొచ్చి సుల్తానుల డేరాల త్రాళ్లు కోసినవాడని ఆతనికి ప్రసిద్ధి. ఇంతకు ముందు మేము వేసిన మొదటి ప్రశ్నకు సమాధానము ఇదియే.

కాని రాయచూరు గెలిచిన పిమ్మట రాయల నడవడిలో ఒక మార్పు కానవచ్చును. సంధి కోరి వచ్చిన ఆదిల్‌షా రాయబారిని నెలదినములు వేచియుండజేసి, తుదకు, మీ ప్రభువు వచ్చి నా పాదమును ముద్దు పెట్టుకొనినచో పట్టిన వన్నియు తిరిగి ఇత్తునని చెప్పి పంపెను. ఆదిల్‌షా రాలేదు. రాయలు బిజాపురము వఱకు పోయెను. అచట రాజాజ్ఞ లేకయే సైనికులు వంటచెఱకునకై యిండ్లను పడగొట్టిరి, పట్టణము పాడయ్యెను. కలుబరిగె కోట నేలమట్టమయ్యెను. గజపతికి చూపిన మర్యాద ఈసారి చూపబడలేదు. యుద్ధములో తగిలిన గాయము మానును. సభలో జరిగిన అవమానము తరతరములకు మానదు.

న్యాయముగా చెప్పవలెనన్న, రాయల గొప్పతనము యుద్ధములతో ముగియలేదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పేస్ అను బుడతకీచు యాత్రికుడు రాయల దినచర్యను వర్ణించినాడు. తెల్లవాఱక ముందే లేచి, నువ్వులనూనె త్రాగి, ఒంటికి పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, చెమటతో నూనె యంతయు కాఱువఱకు శ్రమించి, మల్లయుద్ధము చేసి, పిదప గుఱ్ఱముపై స్వారి చేయుట ఆతని నిత్యకృత్యము. మధ్యమ ప్రమాణపు ఎత్తు, ముఖమున స్ఫోటకపు మచ్చలు, ఎల్లపుడు సంతోషము, పరదేశీయుల యెడల ఆదరము ఆతని లక్షణములు. ఇంత చెప్పి పేస్ మఱియొక మాట చేర్చినాడు. ఉన్నట్టుండి పట్టరాని కోపము వచ్చుట ఆ రాజునకు కలదట.

నేటి హోసపేటకు సమీపమున రాయలు త్రవ్వించిన గొప్ప చెఱువు పని జరుగుచుండగా పేస్ చూచెను. పదునైదు ఇరువది వేలమంది చీమలవలె పనిచేయుచుండిరని వ్రాసెను. జువావ్ దె లా పొంతె అను బుడతకీచు శిల్పి ఆ పనికి తోడ్పడెను. 1521లో తుంగభద్రపై కొఱ్ఱగల్లు ఆనకట్ట నిర్మితమయ్యెను. నీరు చాలని మన సీమవారికి ఈ పనుల విలువ చెప్ప నక్కఱలేదు. రాయలు స్వయముగా రచించిన ఆముక్తమాల్యదలో, రాజు చెఱువులు కాలువలు త్రవ్వించి బీద రైతులకు పన్ను తగ్గించినచో దేశము వృద్ధి పొందునని చెప్పియున్నాడు. ఆంధ్రకవితాపితామహుడని పేరొందిన అల్లసాని పెద్దన, నంది తిమ్మన, ధూర్జటి మొదలగు కవులు ఆతని ఆదరము పొందిరి. పెద్దనకు రాయలిచ్చిన అగ్రహారములలో కోకటము మన కడప మండలములో కమలాపుర ప్రాంతముననే యున్నది. కోటలకు మించి ఈ కావ్యములు, ఈ చెఱువులు ఆతని కీర్తిని మోసినవి.

ఇప్పుడు దుఃఖకరమైన భాగమునకు వచ్చితిమి. రాయలకు తిరుమలుడను కుమారుడు కలడు. 1524లో, ఆఱేండ్ల ఆ బాలునికి రాయలు తన జీవితకాలముననే పట్టము కట్టెను. కొలదికాలమునకే ఆ బాలుడు వ్యాధిగ్రస్తుడై మరణించెను. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టించె నను వదంతి పుట్టెను. పుత్రశోకముతో నున్న తండ్రి దానిని నమ్మెను. తిమ్మరుసును, కుమారులను సభకు పిలిపించి చెఱలో వేయించెను. కొన్ని సంవత్సరముల తరువాత కుమారులలో ఒకడు చెఱనుండి తప్పించుకొని తిరుగుబాటు చేయగా, ఆతనిని పట్టించి, తండ్రికిని కుమారులకును కన్నులు తీయించెను. తిమ్మరుసు చెఱలోనే మరణించెనని నూనిజ్ వ్రాసెను.

పాఠకులారా, మేకకన్నుల కథ జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఎవరి ఉపాయమువలన రాయల కన్నులు దక్కినవని జనులు చెప్పుకొనిరో, ఆ వృద్ధుని కన్నులే రాయల యాజ్ఞచే పోయినవి. ఉదయగిరి బండల ముందు ఏడాదికి పైగా ఓపిక పట్టిన రాజు, ఒక వదంతి ముందు ఓపిక పట్టలేకపోయెను. పాఱిపోవు శత్రువులలో నిరపరాధులుందురని రాయచూరున తలచినవాడు, తన యింట ఆ విచారము చేయలేకపోయెను. మంత్రులను ఎట్లు ఎన్నుకొనవలెనో కావ్యమున వ్రాసినవాడు తన మంత్రి విషయమున తడబడెను. రణమున ఓటమి ఎఱుగని రాజునకు ఓటమి ఇచటనే కలిగినది. బిడ్డను పోగొట్టుకొనిన తండ్రి దుఃఖమును మేము తక్కువగా ఎంచము. అయినను, దుఃఖము న్యాయాధిపతి పీఠముపై కూర్చుండరాదు.

తన ముఖ్యమంత్రిని పోగొట్టుకొనిన రాజునకు ఆ తరువాత ఎక్కువ కాలము మిగులలేదు. బెళగావిపై దండెత్తుటకు సన్నాహము చేయుచు రాయలు జబ్బుపడెను. కర్ణాటకములోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్లి గుడివద్ద ఇటీవల 2022లో వెలుగులోనికి వచ్చిన శాసనమునుబట్టి ఆతడు 1529 అక్టోబరు 17వ తేది ఆదివారమున మరణించెనని తేలినది. చంద్రగిరిలో నిర్బంధములో ఉంచబడియుండిన తమ్ముడు అచ్యుతదేవరాయలు రాజయ్యెను. 1565 జనవరిలో, రాయల అల్లుడగు రామరాయలు అధికారము చలాయించుచున్న కాలమున, దక్కను సుల్తానులు ఏకమై వచ్చి, తళ్లికోట యుద్ధమని పేరొందిన పోరులో విజయనగర సేనను ఓడించి, మహానగరమును పాడుచేసిరి. రామరాయల రాజనీతియు ఆ నాశనమునకు పెద్ద కారణమే. అయినను, పాదమును ముద్దు పెట్టుకొనుమనిన నాటి వైరము బిజాపురమున చల్లారియుండునని మేము తలపజాలము. 1528లో రాయలు ప్రతిష్ఠింపజేసిన హంపీ నరసింహ విగ్రహము ముక్కలైన అంగములతో ఆ కథను నేటికిని చెప్పుచున్నది.

కావున గండికోటకు పోయిన బాలుని రెండవ ప్రశ్నకు మా సమాధానము ఇది. ఆ పోరాటములవలన గెలిచిన సీమలు చేతులు మాఱినవి. గండికోటయు 1650లో మీర్‌జుమ్లా వశమయ్యెను. కాని శత్రువునకు తిరిగి ఇచ్చిన భూమి, పురజనులకు ఇచ్చిన అభయము, చెఱువు నీరు, కవికి ఇచ్చిన గ్రామము, ఇవి రాయల మంచి పేరుగా మిగిలినవి. ఒక రాయబారికి జరిగిన అవమానము, ఒక వృద్ధుని కన్నులు, ఇవియు మిగిలినవి. చరిత్ర రెండు పద్దులను వ్రాసియుంచును. ఒకదానిని చెఱిపి రెండవదానిని చూపుట ఉపాధ్యాయునకు తగదు.

విద్యార్థులారా, మీకు రాజ్యములు లేవు. కాని ఆటస్థలములో గెలుపు కలదు, పరీక్షలో మొదటి స్థానము కలదు. పెద్దలారా, మనకును వ్యవహారములలో పైచేయి యగు దినములు వచ్చును. స్నేహితునిపై వదంతి చెవిని పడు దినములును వచ్చును. మొదటి దినమున ఓడినవానికి లేచుటకు చేయి అందింతుము గాక. రెండవ దినమున, ఆజ్ఞ ఇచ్చుటకు ముందు, ఆ స్నేహితుడు మనకు చేసిన మేలును ఒక్క రాత్రి జ్ఞాపకము చేసికొందుము గాక. ఆ ఒక్క రాత్రి రాయలు ఆగియుండినచో, ఆతని చరిత్రను ముగించునపుడు మా కలము ఇంత బరువెక్కి యుండదు.